ఎడమ భుజం

"వదలండత్తయ్యా, చిరుగుతుంది."

"చిరగనీ. చింపడమేగా నీ పని!"

కోటు కుడి చెయ్యి కోడలి గుప్పిట్లో ఉంది, ఎడమ చెయ్యి అత్తగారి గుప్పిట్లో ఉంది. మధ్యలో మంచం. పొయ్యి మీద పాలు పొంగి పోతున్న వాసన వస్తున్నా ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

వీధిలో పిల్లలంతా ఆ కోడల్ని టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడ కుళాయి దగ్గరికి కూడా రాదు. పాత బట్టలు విప్పి కొత్తవి చేయడం ఆవిడ పని. నాన్న ప్యాంటు కొడుక్కి నిక్కరవుతుంది, నిక్కరు పిగిలితే సంచి అవుతుంది, సంచి చిరిగితే వేడిగిన్నెలు దించుకునే గుడ్డవుతుంది. ఎంత పనికిమాలిన గుడ్డయినా ఆవిడ మిషను కిందకి వెళ్తే బతికి బయటపడుతుందని ఎదురింటి పంతులమ్మ అంటూంటుంది. అంతటి మనిషి ఈ ఒక్క కోటు ముందు నిన్న సాయంత్రం నుంచీ చేతులు ముడుచుకుని కూర్చుంది.

"ఇది ఎవరిదో కోటత్తయ్యా. పాతబట్టల మూటలో వచ్చింది."

"ఎవరిదో కోటులో నా దుప్పటి ముక్క ఎందుకుంది?"

టేపక్క కోటు చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

తప్పు తనదే. కోటు భుజాలు విప్పి, లోపలి మెత్త బయటికి తీసి, అలాగే మిషను మీద వదిలేసి పొద్దున్నే నీళ్లకి వెళ్లింది. అత్తగారికి చూపు మందగించిందన్న ధైర్యం. చూపు మందగిస్తే వేళ్లు కూడా మందగిస్తాయా? ఆ మెత్త అత్తగారి గళ్ల దుప్పటి మూల కత్తిరించి చేసింది. ఆ రోజు ఇంట్లో ఎంత రభస జరిగిందో, కత్తిరించినామె మర్చిపోయినా దుప్పటి గలావిడ ఎందుకు మర్చిపోతుంది!

"వాడిదే ఇది," అంది అత్తగారు. "నువ్వు నిన్ననే గుర్తుపట్టావు. పట్టి కూడా నాతో అనలేదు."

అదీ నిజమే. మూట విప్పిన మరుక్షణం గుర్తుపట్టింది. ఆ కోటుకి పైజేబు కుడివైపు ఉంది. మగవాళ్ల కోటుకి పైజేబు ఎప్పుడూ ఎడమవైపే. పైబట్ట వెలిసిపోయిన కోటుని పూర్తిగా విప్పి, లోపలి వైపు పైకి తిప్పి కుడితే మళ్లీ కొత్తదైపోతుంది గానీ, జేబు మాత్రం అటుది ఇటు వచ్చి కూర్చుంటుంది. మామగారి కోటుని అలా తిరగేసి భర్తకి కుట్టింది టేపక్కే. పెళ్లయిన కొత్తలో. జేబు చూసి ఆయన పగలబడి నవ్వాడు, ఆ తర్వాత ఏ చలికాలమూ ఇంకో కోటు తొడగలేదు.

ఆ మనిషి ఇల్లు విడిచి మూడో ఏడు నడుస్తోంది. పోట్లాడి వెళ్లలేదు, చెప్పి వెళ్లలేదు. చలిగా ఉందని ఈ కోటే తొడుక్కుని, రోజూ పనికి బయల్దేరినట్టే బయల్దేరి, మరి రాలేదు. ఉన్నాడో లేడో చెప్పిన నాథుడు లేడు. ఇప్పుడు కోటు ఒక్కటీ తిరిగొచ్చింది.

"చెప్తే ఏం చేసేవారు?" అంది టేపక్క.

"ఏం చేస్తాను? వెళ్లేదాన్ని."

"ఎక్కడికి?"

"వాడెక్కడుంటే అక్కడికి."

టేపక్క భయమూ అదే. భర్త ఎక్కడున్నాడన్న బెంగ ఎప్పుడో అరిగిపోయింది. ఎక్కడున్నాడో తెలిసిపోతుందేమోనన్న భయం దాని చోట్లోకి వచ్చింది. తెలిసిన రోజున ఈ ముసలావిడ కొడుకు దగ్గరికి పోతుంది. ఈ రెండు గదుల అద్దె ఇంట్లో ఆ తర్వాత మిషను చప్పుడు తప్ప ఏమీ మిగలదు. టేపక్కకి పుట్టింటి వైపు ఎవరూ లేరు, పిల్లలు కలగలేదు. పొద్దస్తమానం ఎవరో ఒకరు వచ్చి బట్టలు పడేసి పోతారు, వాళ్లకి నడుములూ ఛాతీలూ తప్ప మాట్లాడే విషయం ఉండదు. తిన్నావా అని అడిగే మనిషి ఈ ఒక్కావిడే, అదీ తిడుతూ.

అత్తగారి పట్టు ఒక్కసారిగా సడలింది. మంచం పట్టె మీద కూలబడింది.

"వాళ్ల నాన్న కోటు అది. ప్రాణం పోయినా వాడివ్వడు. ఇచ్చాడంటే కడుపుకి లేకే అమ్ముకుని ఉంటాడు."

"అలా ఎందుకనుకుంటారు?"

"ఇంకెలా అనుకోమంటావు?"

ఇంకెలా అనుకోవచ్చో టేపక్కకి తెలుసు. నిన్న సాయంత్రం నుంచీ తెలుసు. వెళ్లి పొయ్యి ఆర్పింది.

*

మధ్యాహ్నం కంచం తెచ్చి మంచం పక్కన పెట్టింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"లేవండి. చల్లారిపోతుంది."

"వాడు పస్తులుంటే నాకు ముద్ద దిగుతుందా?"

టేపక్క వెళ్లి మిషను ముందు కూర్చుంది. చిన్న పని ఏదైనా చేద్దామని రెండు దిండు గలేబులు కుట్టింది. రెండోది వంకరపోయింది, విప్పింది. వెనక్కి తిరిగి చూస్తే కంచం పెట్టింది పెట్టినట్టే ఉంది. ముసలావిడ వీపు కదులుతోంది. ఏడుస్తోందేమో. చప్పుడు మాత్రం లేదు.

ఏడ్చి గొడవ చేసే అత్తగారితో వేగడం టేపక్కకి వచ్చు. ఇలా చప్పుడు లేకుండా ఏడిస్తే ఏం చేయాలో ఇన్నేళ్లలో నేర్చుకోలేదు. కోటు తీసుకుని వెళ్లి మంచం మీద కూర్చుంది.

"అత్తయ్యా, ఇలా చెయ్యివ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి."

ఆవిడ వేళ్లు పట్టుకుని కోటు లోపల నడుము దగ్గర పెట్టింది. "ఇక్కడ చిన్న చిన్న చిల్లులు వరసగా తగులుతున్నాయా? అది నేను వేసిన పాత కుట్టు. విప్పేశారు. ఇప్పుడు ఇటు జరగండి. ఇంకా. ఇదీ ఇప్పటి కుట్టు."

అత్తగారి వేళ్లు అక్కణ్నుంచి ఇక్కడికి, ఇక్కణ్నుంచి అక్కడికి రెండు మూడు సార్లు నడిచాయి. గోడ వైపున్న మొహం ఇటు తిరిగింది.

"ఇంత వదులు చేశారా?"

"రెండు పక్కలా. నేను లోపల దాచిన బట్టంతా వాడేశారు."

ఎప్పుడు ఏది కుట్టినా లోపల బట్ట కాస్త మిగిల్చి మడవడం టేపక్క అలవాటు. కత్తిరించి పారేస్తే సన్నంగా, సొగసుగా వస్తుంది. కానీ మనిషన్నాక ఇవాళ ఉన్నట్టు రేపు ఉండడు కదా. భర్తకి ఎప్పటికైనా కాస్త ఒళ్లొస్తుందని ఆశపడి ఆ కోటులో మరీ ఎక్కువ దాచింది. ఆ ఆశ ఇంకెవరి చేతిలోనో తీరింది.

"పస్తులు లేరత్తయ్యా. ఆయనకి పొట్టొచ్చింది."

ముసలావిడ నవ్వింది. ఎన్నాళ్లకి విన్నదో ఆ నవ్వు!

"వాడికి పొట్టా! చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు, వాడికి పొట్టా!" అంటూనే లేచి కంచం ముందుకి లాక్కుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది. "ఎవరో గానీ బాగా చూసుకుంటున్నారే వాణ్ని."

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తట్టలేదు. నమలడం ఆగింది. ఆవిడ తలెత్తలేదు, టేపక్క తల దించలేదు.

"అవునత్తయ్యా," అంది టేపక్క. "కుట్టు కూడా బాగుంది."

"ఏ టైలరో కుట్టి ఉంటాడు."

"టైలరయితే అరగంటలో మిషను మీద లాగించేస్తాడు. ఇదంతా చేతికుట్టు. ఇంత సన్నంగా, ఇంత ఓపిగ్గా డబ్బు తీసుకుని ఎవరూ కుట్టరు."

ఆ కుట్టు తన కుట్టుకన్నా బాగుంది. నిన్నట్నుంచీ టేపక్కకి కడుపు మండుతున్నది అందుకే. భర్త ఇంకొకరి ఇంట్లో ఉన్నాడన్నది ఒక బాధ. ఆ ఇంకొకరు ఇంత బాగా కుట్టడం ఇంకో బాధ. పైకి చెప్పుకుంటే నవ్విపోతారు గానీ ఈ రెండోది తక్కువదేమీ కాదు.

"మరి అంత ఓపిగ్గా కుట్టి మూటలో ఎందుకు పడేసింది?" అత్తగారు ఇప్పుడు 'ఎవరో' అనలేదు.

"భుజం."

ఆయనకి చిన్నప్పుడు ఎడమ భుజం విరిగి కాస్త వంకరగా అతుక్కుంది. చూస్తే తెలియదు. కోటు తొడిగితే మాత్రం ఎడమవైపు దిగజారిపోతుంది. అందుకని టేపక్క ఎడమ భుజం ఒక్కదానికే దుప్పటి మెత్త పెట్టింది. నడుము వదులు చేసినామె భుజాలు కూడా విప్పి చూసినట్టుంది. మెత్త ఒక పక్కే కనపడింది. రెండో పక్కది ఏనాడో ఊడి పోయి ఉంటుందనుకుంది పాపం. ఉన్నదాన్ని సరిగ్గా సగానికి కత్తిరించి, అటు సగం ఇటు సగం పెట్టి, ఎంతో శ్రద్ధగా కుట్టేసింది. ఆ తర్వాత కోటు ఎలా కుదురుతుంది? ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా ఎడమవైపు జారుతూనే ఉండి ఉంటుంది. ఇది ఇక పనికిరాదని తీసి పారేసింది.

ఆ రెండు సగాలూ నిన్న చేతికి దొరికినప్పుడు టేపక్క సిగ్గు లేకుండా సంతోషించింది. ఆ ఇంకొకామె వండి పెట్టింది, నడుము కొలిచింది, భుజం మాత్రం తెలుసుకోలేదు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆయన తనకి మాత్రం చెప్పాడా ఏం? చేత్తో తడిమి తనే తెలుసుకుంది. చేత్తో తడిమే దగ్గరితనం ఉన్న రోజులు గుర్తొచ్చి, రెండు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చుంది.

అత్తగారు కంచం పక్కకి జరిపింది.

"మళ్లీ కుట్టెయ్. ముందెలా కుట్టావో అలాగే కుట్టు. వాడొస్తే తొడుక్కుంటాడు."

"రారత్తయ్యా."

"కుట్టమన్నాను."

*

మర్నాడు పొద్దున టేపక్క మూటలాయన షెడ్డుకి వెళ్లింది. ఇంటింటికీ తిరిగి పాతబట్టలు పోగుచేసి మూటలు కట్టి అమ్మే మనిషి. రేకుల కప్పు కింద చొక్కాలు ఒక గుట్ట, ప్యాంట్లు ఒక గుట్ట, ఏవీ కానివి ఇంకో గుట్ట. ఆయన ఆ మూడో గుట్ట మీద కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాడు.

"రా చెల్లెమ్మా! మొన్నటి మూట బాగుందా? మంచి మంచివి చూసి నీకే వేశాను."

"అందులో నల్లకోటు ఒకటి వచ్చింది అన్నయ్యా. ఏ ఇంటిది?"

"ఏం, పురుగు కొట్టిందా?"

"లేదు. ఊరికే."

"ఊరికే అడగడానికి ఇంత దూరం వస్తావా?" ఆయన గ్లాసు కింద పెట్టి ఆవిడ మొహం చూశాడు. నవ్వు తగ్గించాడు. "వంతెన దాటాక రెండో సందు. కిందిల్లు. ఆ ఇంటావిడ రెడీమేడ్ బట్టల కంపెనీలో చేత్తో బొత్తాల కాజాలు కుడుతుంది."

కాజాలు కుట్టే చెయ్యి. అందుకే అంత సన్నటి కుట్టు.

"ఇంట్లో మగమనిషి ఉన్నాడా?"

"గుమ్మంలో పెద్ద చెప్పులున్నాయి."

"మనిషిని చూశారా? ఎడమ భుజం కాస్త దిగి ఉంటుందా?"

"నేను మూటలు చూస్తాను గానీ భుజాలు చూస్తానా చెల్లెమ్మా! కావాలంటే కనుక్కుంటాను."

"వద్దు."

"వద్దంటే వద్దు."

"మా అత్తయ్య దగ్గర అసలు ఎత్తొద్దు."

"నా నోరు మూటకన్నా గట్టిగా కట్టేసుకుంటాను, సరేనా?"

ఆయన మూటలు ఎంత గట్టివో టేపక్కకి తెలియనిది కాదు. సగం దారిలోనే విడిపోయి చొక్కాలు రోడ్డు మీద పడుతుంటాయి. అయినా ఆ పూట ఆ మాట నమ్మింది. నమ్మడానికి ఇంకెవరున్నారు!

ఇంటికి పోవలసిన కాళ్లు వంతెన వైపు నడిచాయి. వంతెన మధ్యదాకా వెళ్లి ఆగింది. పనుల మీద పోయేవాళ్లు భుజాలు రాసుకుంటూ పోతున్నారు, ఒకాయన విసుక్కున్నాడు కూడా. వెళ్లి తలుపు కొడితే ఏమనాలి? మా ఆయన ఉన్నారా అనాలా? ఆ గుమ్మంలో ఆ మాట ఎవరిది? తలుపు తీసిన ఆవిడ, ఎవరండీ మీరు అని మర్యాదగా అడిగితే? పెళ్లానికి తను ఎవరో చెప్పుకోవడం ఇంత కష్టమని ఎవరు మాత్రం అనుకుంటారు!

వెనక్కి తిరిగింది. దారిలో దారం కొనడానికి ఆగితే కొట్టువాడు ఏ రంగన్నాడు. నలుపు, అంది, ఏడుపు ఆపుకుని.

*

ఆ మధ్యాహ్నమే కోటు ముందేసుకుంది. రెండు సగాలనూ కలిపి మళ్లీ ఒక్క మెత్త చేసి, ఎడమ భుజంలో పెట్టి కుట్టింది. తప్పుగా కుట్టడం ఆవిడ చేతికి చేతకాదు. నడుము మాత్రం ముట్టుకోలేదు. ఆ కొలత ఇప్పుడు తనది కాదు.

కాలరు మిషను మీద పెట్టి తొక్కుతుంటే, ముందుగదిలో తలుపు చప్పుడు వినపడలేదు. అత్తగారు గోడ పట్టుకుని వెళ్లి తలుపు తీసిన సంగతీ తెలియలేదు. దారం తెగి మిషను ఆగాక మూటలాయన మాటలు వినపడ్డాయి.

"... మా ఆయనకి తెలియకుండా మూటలో వేసేశాను, ఎలాగైనా తెచ్చిపెట్టు బాబూ అని ఆ కాజాలావిడ ఒకటే బతిమాలింది పెద్దమ్మా. కోటు లేదని తెలిసిన దగ్గర్నుంచీ ఆయన మాట్లాడటం మానేశాడట. వాళ్ల నాన్న కోటట. ఆఁ చెల్లెమ్మా, ఇక్కడే ఉన్నావా! భుజం కూడా కనుక్కున్నాను. నువ్వన్నట్టు దిగే ఉంది."

టేపక్క గుమ్మం పట్టుకుంది. "వద్దన్నాను కదా అన్నయ్యా!"

"నేనెక్కడ అడిగాను? ఆవిడే పిలిచి కోటు గురించి ..." మూటలాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. అప్పుడు మూశాడు నోరు.

అత్తగారు నిదానంగా అడిగింది. "ఎంత దూరం నాయనా?"

"వంతెన అవతలే పెద్దమ్మా. నడిచి పోవచ్చు."

"నడిచి పోవచ్చు," అందావిడ, మాట అర్థం కానట్టు. ఇన్నేళ్లూ ఏ దేశాలో పట్టిపోయాడనుకున్న కొడుకు నడిచిపోయేంత దూరంలో పొట్ట పెంచుకుని ఉన్నాడు. కోపం రావలసిన మాట అది. రాలేదు. ముడతల మొహమంతా వెలుగొచ్చింది. కోడలికి అది కనపడుతోందన్న ధ్యాస కూడా లేదు.

"కోటు అయిందా?"

"కాలరు ఒక్కటీ ఉంది."

"కుట్టు మరి."

టేపక్క వెళ్లి కూర్చుంది. దారం ఎక్కించింది. కుట్టింది. పక్కగదిలో పెట్టె మూత తీసిన చప్పుడు, బట్టలు దులిపిన చప్పుడు, దువ్వెన చప్పుడు. ఆవిడ అంత తొందరగా తయారవగలదని టేపక్కకి ఈ రోజు దాకా తెలియదు. కోటు మడత పెట్టి తెచ్చేసరికి అత్తగారు ఉతికిన బట్టలు కట్టుకుని, చేతిసంచితో నిలబడి ఉంది. సంచిలో కంటిమందు సీసా కనపడింది. అది పడుకోబోయే ముందు వేసుకునే మందు. అంటే రాత్రికి తిరిగి రావాలని ఆవిడకి లేదు.

పోవద్దని టేపక్క ఏ నోటితో అంటుంది? కన్నతల్లి కొడుకు దగ్గరికి పోతోంది. మెడలో టేపు తీసి మిషను మీద పెట్టింది. మేకుకున్న తాళంచెవి తీసుకుంది.

"ఉండండత్తయ్యా, నేనూ వస్తాను. గుమ్మంలోకి రాను. సందు మొదట్లో నిలబడతాను."

"నువ్వు రాకమ్మాయ్."

"మీకు దారి కనపడదు కదా."

"ఈ అబ్బాయి ఉన్నాడుగా."

"ఒక్కసారి దూరం నుంచి చూసి వచ్చేస్తాను."

అత్తగారు కోటు అందుకుని గుండెలకి హత్తుకుంది. మంచినీళ్లు అడిగే గొంతుతోనే అంది: "నిన్ను చూస్తే వాడు మళ్లీ వెళ్లిపోతాడు."

అంటే ఇన్నేళ్లూ ఆవిడ అనుకున్నది ఇదన్నమాట. ఒక్క పొయ్యి మీద వండుకుని, ఒక్క దీపం కింద కూర్చుని, తిడుతూ, తిట్టించుకుంటూ బతికిన ఇన్నాళ్లూ, కొడుకు పోయింది ఈ కోడలి వల్లేనని లోపల అనుకుంటూనే ఉందన్నమాట. టేపక్క తాళంచెవి మళ్లీ మేకుకి తగిలించింది. మూటలాయన చెప్పులు చూసుకుంటున్నాడు.

అత్తగారు గుమ్మం దాటింది. మెట్ల దాకా వెళ్లింది.

"మళ్లీ ఎప్పుడొస్తారత్తయ్యా?"

ముసలావిడ ఆగింది. విన్నది. తల కొద్దిగా ఇటు తిరగబోయి, మళ్లీ మెట్ల వైపే తిరిగింది.

"కాస్త చెయ్యి పట్టుకో నాయనా," అంది మూటలాయనతో. "మెట్లు కనపడవు నాకు."